బతికితే చాలదు, పండాలి

బెట్టను తట్టుకునే ధాన్యపు పంటలు ఎలా తయారవుతాయి, అవి రైతు చేలోకి ఎందుకు ఆలస్యంగా చేరుతున్నాయి అన్నది ఈ ప్రసంగం విషయం.

వానలు ముఖం చాటేసిన ఏడు ఒక పరిశోధనా క్షేత్రంలోకి వెళితే రెండు రకాల మొక్కలు కనిపిస్తాయి. ఒకటి ఆకు వాడకుండా నిటారుగా నిలబడి ఉంటుంది. కంకి నలిపి చూస్తే అన్నీ తాలు గింజలే. పక్క మడిలోది కాస్త పొట్టిది, కింది ఆకులు ఎండిపోయాయి కూడా. కానీ దాని కంకిలో గింజ ఉంది. ఈ రెండింటిలో బెట్టను తట్టుకున్నది ఏది? చాలాకాలం శాస్త్రజ్ఞుల చూపు మొదటిదాని మీదే ఉండేది. రైతుకు కావలసింది రెండోది. బతకడం వేరు, పండడం వేరు. గత నలభై యాభై ఏళ్లలో ఈ పరిశోధన సాధించిన విజయాలు చాలావరకు ఆ తేడాను గుర్తించిన దగ్గరే మొదలయ్యాయి.

వంగడాల తయారీ ఎక్కువగా జరిగేది నీటికి, ఎరువుకు లోటు లేని క్షేత్రాల్లో. అక్కడ బాగా పండిన మొక్కనే ఏరుకుంటారు. అది వానాధారపు చేలో కూడా బాగా పండుతుందని నమ్మకం. మరి బెట్టలోనే పెంచి, దిగుబడి చూసి ఎంచుకోవచ్చు కదా? అందుకు నిపుణులు వెనకాడేవారు. ఎండిన మడిలో దిగుబడి తేడాలు నేల తేడాల వల్ల వచ్చాయో, మొక్క గుణం వల్ల వచ్చాయో తేల్చడం కష్టమని వారి వాదన. అందుకే వేరు పొడవు, ఆకు చుట్టుకునే తీరు, ఆకు ఎండే వేగం వంటి లక్షణాలు చూసి ఎంచుకునేవారు. అవి మొక్క ఎలా బతుకుతుందో చెప్పాయి. గింజ సంగతి చెప్పలేదు.

పైగా బెట్ట అంతా ఒకటే కాదు. మొలక దశలో వచ్చే బెట్ట ఒక రకం, పూత దశలో వచ్చేది ఇంకో రకం, గింజ పాలు పోసుకునేటప్పుడు వచ్చేది మరో రకం. ఒకదాన్ని తట్టుకున్న మొక్క మరొకదానికి లొంగిపోవచ్చు. అందువల్ల వంగడం తయారు చేసేవారు ముందుగా వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది. ఈ ప్రాంతంలో, ఈ పంటకు, నీరు ఎప్పుడు కరువవుతుంది?

రాజస్థాన్, హర్యానా ఇసుక నేలల్లో సజ్జ వేసే రైతుకు ఈ ప్రశ్నకు జవాబు బాగా తెలుసు. వాన ఆలస్యంగా వస్తుంది, తొందరగా వెళ్లిపోతుంది. అలాంటి చోటికి హిస్సార్‌లోని హర్యానా వ్యవసాయ విశ్వవిద్యాలయం 1990లో హెచ్‌హెచ్‌బి 67 అనే సంకర సజ్జను విడుదల చేసింది. అది 65 రోజుల లోపే కోతకు వస్తుంది. బెట్టతో తలపడకుండా, బెట్ట ముదిరేలోగా గింజ కట్టేసుకుంటుంది. రైతులు దాన్ని ఆదరించారు. కొన్నేళ్లకు వెర్రికంకి తెగులు దానికి ముప్పుగా మారింది. కంకిలో గింజకు బదులు ఆకుల కుచ్చులు పుట్టించే తెగులు అది. దానికి భయపడి ఆ రకాన్ని వదులుకుంటే అంత తొందరగా పండే సజ్జ మరొకటి చేతిలో లేదు.

అప్పుడు మన పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్, హిస్సార్ శాస్త్రజ్ఞులు, బ్రిటన్ పరిశోధకులు కలిసి పనిచేశారు. హెచ్‌హెచ్‌బి 67 తల్లి, తండ్రి రకాల్లోకి తెగులును తట్టుకునే జన్యువులను చేర్చారు. ఇందుకు డీఎన్‌ఏ మార్కర్లు సాయపడ్డాయి. మార్కర్ అంటే కావలసిన జన్యువు పక్కనే ఉండే గుర్తు. లేత ఆకు ముక్క తీసి పరీక్షిస్తే ఆ గుర్తు ఉందో లేదో తెలిసిపోతుంది. పంట ముదిరి, తెగులు వచ్చేదాకా కాచుకోనక్కర్లేదు. మెరుగుపరిచిన హెచ్‌హెచ్‌బి 67 రకం 2005లో విడుదలైంది. మన దేశంలో ప్రభుత్వ సంస్థల నుంచి మార్కర్ల సాయంతో వచ్చిన తొలి సంకర రకం అదే.

మన దగ్గర కొర్రది కూడా బెట్ట ముదిరేలోగా పండే దారే. నంద్యాల పరిశోధనా స్థానం నుంచి వచ్చిన సూర్యనంది కొర్ర 70 నుంచి 75 రోజుల్లో చేతికొస్తుంది. అయితే ఈ దారికి ఒక హద్దుంది. వానలు బాగా కురిసిన ఏడు, ఎక్కువ రోజులు పెరిగే రకం ఇచ్చినంత దిగుబడి తొందరగా పండే రకం ఇవ్వలేదు.

రబీ జొన్న కథ వేరు. కర్నూలు, నంద్యాల నల్లరేగళ్ల నుంచి బీజాపూర్, షోలాపూర్ దాకా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో విత్తే ఈ జొన్నకు ఆ తర్వాత పడే వాన చాలా తక్కువ. వానాకాలంలో నేల దాచుకున్న పదునే దానికి ఆధారం. పంట కంకి వేసే సమయానికి నేల బీటలు వారుతుంది. ఇక్కడ బెట్ట వస్తుందా రాదా అన్న సందేహమే లేదు. ప్రతి ఏడూ వస్తుంది, పంట చివర్లోనే వస్తుంది.

ఈ నేలల్లో దశాబ్దాలుగా నిలిచిన రకం ఎం 35-1. షోలాపూర్ జిల్లా మోహోల్‌లో 1930లలో, స్థానికంగా పండే మాలదండి జొన్న నుంచి దాన్ని ఎంపిక చేశారు. ఆ తర్వాత ఎక్కువ గింజ ఇచ్చే రకాలు ఎన్నో వచ్చినా రైతులు మాలదండిని అంత తేలిగ్గా వదల్లేదు. దాని రొట్టె బాగుంటుంది, చొప్పను పశువులు ఇష్టంగా తింటాయి. రబీ జొన్న రైతుకు గింజ ఎంతో చొప్ప అంతే. కరువు ఏడు చొప్పకే ఎక్కువ గిరాకీ ఉంటుంది. దిగుబడి లెక్క ఒక్కటే చూసి తయారు చేసిన రకం రైతు ఇంట్లో ఎందుకు ఓడిపోతుందో మాలదండి చెబుతుంది.

రబీ జొన్నకు చివరి దశలో ఇంకో గండం ఉంది. పదును అయిపోయాక మొక్క తన కాండంలోని ఆహారాన్నే గింజకు పంపుతుంది. కాండం బలహీనపడి, లోపల నల్లగా కుళ్లి, మొక్క అడ్డంగా పడిపోతుంది. కొన్ని జొన్నలు మాత్రం గింజ గట్టిపడేదాకా ఆకు పచ్చగానే ఉంచుకుని, నిటారుగా నిలబడతాయి. ఈ గుణానికి శాస్త్రజ్ఞులు స్టే గ్రీన్ అని పేరు పెట్టారు. ఇథియోపియా జొన్న సంతతికి చెందిన బి35 అనే రకంలో అది బలంగా కనిపించింది. అమెరికాలోని టెక్సస్‌లో, ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో, మన పటాన్‌చెరులో ఏళ్ల తరబడి దాని మీద పని జరిగింది. ఆ గుణాన్ని మోసే నాలుగు ముఖ్యమైన జన్యు భాగాలను గుర్తించి, ఇక్రిశాట్‌లో వాటిని ఇతర జొన్న రకాల్లోకి ఎక్కించారు.

మొక్క చివరిదాకా పచ్చగా ఎందుకు ఉంటోంది? క్వీన్స్‌లాండ్‌లో ఆండ్రూ బోరెల్ బృందం ఇచ్చిన జవాబు ఆసక్తికరమైనది. స్టే గ్రీన్ జొన్న పిలకలు తక్కువ వేస్తుంది. పై ఆకులు చిన్నవిగా ఉంటాయి. అంటే పూతకు ముందు అది తక్కువ నీరు తాగుతుంది. మిగిలిన నీరు గింజ నిండే రోజులకు పనికొస్తుంది. చివర్లో కనిపించే పచ్చదనం మొదట చేసిన పొదుపు ఫలితం. నెలకు తెచ్చుకున్న బియ్యాన్ని మొదటి వారంలోనే వండుకుతినే ఇంటికి, లెక్కగా వాడుకునే ఇంటికి ఉన్నంత తేడా ఈ రెండు రకాల జొన్నలకు ఉంది.

ఈ పొదుపును కళ్లారా చూడాలంటే పటాన్‌చెరు వెళ్లాలి. ఇక్రిశాట్ క్షేత్రంలో నేలలోకి దించిన పెద్ద పీవీసీ గొట్టాలు వరసగా ఉంటాయి. జొన్న, సజ్జల కోసం వాడే గొట్టం రెండు మీటర్ల పొడవు, పాతిక సెంటీమీటర్ల వెడల్పు. చేలో ఉండే మట్టినే దాన్నిండా నింపి, పైన మొక్క పెంచుతారు. మట్టి మీద కప్పు వేస్తారు, నీరు ఆవిరై పోకుండా. కొద్ది రోజులకొకసారి గొట్టాన్ని పైకి లేపి తూకం వేస్తారు. తగ్గిన బరువే మొక్క తాగిన నీరు. విత్తిన దగ్గర్నుంచి కోత దాకా ఏ వారం ఎంత తాగిందో ఈ పద్ధతిలో లెక్క తేలుతుంది. విన్సెంట్ వాడెజ్ బృందం ఇక్కడ చేసిన ప్రయోగాలు పాత నమ్మకాన్ని కదిలించాయి. వేరు ఎంత లోతుకు పోయిందన్న దానికంటే, గింజ నిండే వారాల్లో మొక్కకు నీరు అందిందా లేదా అన్నదే దిగుబడిని ఎక్కువగా నిర్ణయిస్తోంది.

ఆ చివరి నీటి విలువ ఎంతో గోధుమ మీద జరిగిన ఒక ప్రయోగం లెక్క కట్టింది. పూత తర్వాత నేల లోతు నుంచి అదనంగా అందిన ఒక్కో మిల్లీమీటరు నీటికి హెక్టారుకు 59 కిలోల గింజ పెరిగిందని ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించారు. పది మిల్లీమీటర్లు, అంటే ఒక చిన్న జల్లుకు సమానమైన నీరు సరైన వారంలో దొరికితే ఎకరాకు రెండు క్వింటాళ్లకు పైగా తేడా వస్తుందన్నమాట.

మరి మొక్క నీరు ఎలా పొదుపు చేస్తుంది? ఒక దారి ఆకు పరిమాణం. ఇంకో దారి మధ్యాహ్నపు వేళ ఆకు ప్రవర్తన. ఎండ మండి, గాలి బాగా పొడిబారినప్పుడు కొన్ని సజ్జ రకాలు ఆకు మీది సన్నని రంధ్రాలను కొంతవరకు మూసుకుంటాయి. ఆ గంటల్లో పెరుగుదల కాస్త తగ్గినా, నీరు ఎక్కువగా ఖర్చయ్యే వేళను తప్పించుకుంటాయి. చివరి దశ బెట్టను తట్టుకునే సజ్జల్లో ఈ గుణం ఉన్నట్టు ఇక్రిశాట్ పరిశోధనలు చూపాయి.

మొక్కజొన్న దగ్గర సమస్య మరో చోట ఉంది. పైన మగపూత వస్తుంది, కింద కండె నుంచి పీచు బయటికొస్తుంది. పుప్పొడి రాలే రోజుల్లోనే పీచు సిద్ధంగా ఉండాలి. బెట్టలో మగపూత దాదాపు వేళకే వస్తుంది, పీచు మాత్రం వెనకబడుతుంది. పీచు బయటికొచ్చేసరికి పుప్పొడి అయిపోతుంది. మొక్క బాగానే ఉంటుంది, ఆకులు పచ్చగానే ఉంటాయి, కండె విప్పితే గింజలు అక్కడొకటి ఇక్కడొకటి. మెక్సికోలోని అంతర్జాతీయ మొక్కజొన్న, గోధుమ పరిశోధనా కేంద్రం సిమిట్ 1975లో దీని మీద పని మొదలుపెట్టింది. వాన పడని శీతకాలంలో టుక్స్‌పేన్యో జాతి మొక్కజొన్న వేసి, నీరు ఎంత ఇవ్వాలో తామే నిర్ణయించి, బెట్టలో గింజ ఇచ్చిన కుటుంబాలను తరం తర్వాత తరం ఎంచుకున్నారు. పూతకు, పీచుకు మధ్య ఎడం తగ్గిన మొక్కలే బెట్టలో నెగ్గాయి. సామాన్యుడు వేళ్ల మీద లెక్కపెట్టగల ఆ రోజుల తేడా వంగడాల ఎంపికకు నమ్మకమైన కొలత అయింది. ఈ అనుభవం మీదే 2007 నుంచి 13 ఆఫ్రికా దేశాల్లో బెట్టను తట్టుకునే మొక్కజొన్న కార్యక్రమం నడిచింది. సిమిట్ ఆసియా మొక్కజొన్న పరిశోధన ఇప్పుడు హైదరాబాద్ కేంద్రంగా సాగుతోంది.

ఇక వరి. నీరు లేనిదే వరి లేదన్నది మన మాగాణి రైతు అనుభవం. కానీ జార్ఖండ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌లలో లక్షలాది కుటుంబాలు వాన మీదే ఆధారపడి వరి వేస్తాయి. ఈనే దశలో పది రోజులు వాన ఆగితే చేనంతా తాలే. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థలో అరవింద్ కుమార్ బృందం పాత వెనకంజను పక్కనపెట్టింది. మడుల్లో నీరు తీసేసి, వరిని నిజంగానే ఎండబెట్టి, అందులో గింజ దిగుబడినే కొలిచి ఎంచుకుంది. జాగ్రత్తగా చేస్తే ఆ కొలత నమ్మదగినదేనని ఆ పని రుజువు చేసింది.

హజారీబాగ్‌లోని మెట్ట వరి పరిశోధనా కేంద్రంతో కలిసి చేసిన కృషి ఫలితంగా 2010లో సహభాగీ ధాన్ వచ్చింది. దాని కాలం సుమారు 105 రోజులు. వానలు బాగున్న ఏడు హెక్టారుకు నాలుగు టన్నుల దాకా ఇస్తుంది. బెట్ట ఏడు పక్క రకాలు చేతులెత్తేసిన చోట కూడా ఎంతో కొంత ధాన్యం ఇంటికి చేరుస్తుంది. మామూలు ఏడు నష్టపెట్టకపోవడమే రైతు దాన్ని నమ్మడానికి మొదటి కారణం. అదే కుటుంబానికి చెందిన వరులు 2011లో నేపాల్‌లో సుఖ్ఖా ధాన్ పేరుతో, బంగ్లాదేశ్‌లో బ్రి ధాన్ 56 పేరుతో విడుదలయ్యాయి.

ఈ పరిశోధనల్లోనే ఒక వింత బయటపడింది. మన దేశపు మెట్ట వరి వందన, ఇండోనేషియా వరి వే రారెమ్. ఈ రెండింటి సంకరంలో బెట్ట దిగుబడిని పెంచే పెద్ద జన్యు భాగం ఒకటి 2007లో దొరికింది. తీవ్రమైన బెట్టలో కనిపించిన జన్యుపరమైన తేడాలో సగం దాకా దాని వల్లే. అది బెట్టకు గట్టిదైన వందన నుంచి రాలేదు, బెట్టకు లొంగిపోయే వే రారెమ్ నుంచి వచ్చింది. పైకి చూసి తల్లిదండ్రులను ఎంచుకుంటే ఇది ఎప్పటికీ దొరికేది కాదు.

ఇంకో సంగతి మన హరిత విప్లవానికి సంబంధించింది. 1966లో వచ్చిన ఐఆర్ 8తో పొట్టి వరులు ప్రపంచమంతా పాకాయి. ఎరువు వేసినా పడిపోని ఆ పొట్టితనమే వాటి బలం. ఉత్తరప్రదేశ్‌లోని నగీనా పేరు మీద ఉన్న ఎన్ 22 వంటి పాత వరుల్లో బెట్టలో గింజనిచ్చే ఒక జన్యు భాగం ఉంది. ఒకటో క్రోమోజోము మీద అది సరిగ్గా మొక్క ఎత్తును నిర్ణయించే జన్యువు పక్కనే ఉంది. పొట్టితనం కోసం ఎంపిక చేసినప్పుడల్లా పొడవు పోయింది, దాంతోపాటు బెట్టలో పండే గుణమూ పోయింది. ఎవరూ కావాలని చేసింది కాదు, నీరున్న మడుల్లో ఆ నష్టం కనపడలేదు, అంతే. వేలాది మొక్కలను పరీక్షించి ఆ రెండింటి ముడి విప్పారు. ఇప్పుడు పొట్టిగా ఉంటూనే బెట్టలో పండే వరులు సాధ్యమే.

రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధనా సంస్థ 2014లో డీఆర్‌ఆర్ ధాన్ 42 విడుదల చేసింది. పేరున్న ఐఆర్ 64 వరికి బెట్టను తట్టుకునే రెండు జన్యు భాగాలు చేర్చిన రకం అది. అన్నం రుచి, గింజ తీరు రైతుకు తెలిసినవే. మారింది బెట్టలో నిలకడ ఒక్కటే.

జన్యు ఇంజనీరింగ్ దారిలోనూ పని జరిగింది. ఒక బాక్టీరియా జన్యువు చేర్చిన మొక్కజొన్న అమెరికాలో, పొద్దుతిరుగుడు జన్యువు చేర్చిన గోధుమ అర్జెంటీనాలో సాగుకు అనుమతి పొందాయి. మన దేశంలో 2025 మే 4న జన్యు సవరణతో తయారైన రెండు వరులను కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. ఈ రెండింటికీ మూలం తెలుగు నేలే. ఒకటి బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి ఆధారంగా రాజేంద్రనగర్‌లో తయారైంది. రెండోది మారుటేరు పరిశోధనా స్థానం వారి కాటన్‌దొర సన్నాలు, అంటే ఎంటీయూ 1010 ఆధారంగా ఢిల్లీలోని పూసా సంస్థలో తయారైంది. ఈ రెండోదాంట్లో ఆకు రంధ్రాలను అదుపు చేసే ఒక జన్యువును సవరించారు. బెట్టను, ఉప్పు నేలను తట్టుకోవడం దాని లక్ష్యం. వీటి మీద చర్చ జరుగుతోంది, జరగాలి కూడా. ప్రయోగశాల మాట చివరి మాట కాదు. వానాధారపు చేలలో, చెడ్డ ఏళ్లలో కొలిచిన దిగుబడే తీర్పు చెప్పాలి.

రకం తయారైతే సగం పని అయినట్టే. మిగతా సగం విత్తనం దగ్గర ఆగిపోతోంది. కొత్త రకం ముందు బ్రీడర్ విత్తనంగా, తర్వాత ఫౌండేషన్ విత్తనంగా, ఆపైన సర్టిఫైడ్ విత్తనంగా పెరగాలి. బ్రీడర్ విత్తనం ఎంత కావాలో రాష్ట్రాలు, విత్తన సంస్థలు ముందే ఇండెంటు పెట్టాలి. ఎవరూ అడగని రకం విడుదల పత్రంలోనే మిగిలిపోతుంది. డీలరు తనకు అలవాటైనది, అమ్ముడుపోయేది తెస్తాడు. రైతు దొరికినదే వేస్తాడు. మారుటేరు నుంచి 1982లో వచ్చిన స్వర్ణ గొప్ప వరి, అందులో సందేహం లేదు. కానీ వాన నమ్మకం లేని తూర్పు రాష్ట్రాల వానాధార చేలలో కూడా అలా నీటి వసతికి పుట్టిన రకాలే పాతుకుపోవడం వెనక విత్తన సరఫరా లోపం ఉంది.

బెట్టను తట్టుకునే రకం వానను కురిపించదు. నేలలో పదునూ లేక, నలభై రోజులు చినుకూ పడకపోతే ఏ రకమూ నిలవదు. రెండు మూడు వారాల లోటును దాటించడం, పూర్తిగా పోవలసిన పంటలో కొంతైనా దక్కించడం దాని పని. అప్పు చేసి విత్తిన కుటుంబానికి ఆ కొంతే వచ్చే ఏటి విత్తనం, పశువులకు మేత.

అందుకని వానాధార సేద్యం చేసే శ్రోతలకు ఒక విన్నపం. విత్తనం కొనేటప్పుడు ఎకరాకు ఎంత పండుతుందని అడగడంతో ఆపకండి. పంట కాలం ఎన్ని రోజులు, పోయినసారి బెట్ట వచ్చినప్పుడు ఎంత పండింది అని కూడా అడగండి. మీ ఊళ్లో వాన సాధారణంగా ఏ దశలో మోసం చేస్తుందో మీకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. ఆ సంగతి దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రానికి చెప్పి, దానికి తగిన రకం, దాని మినీకిట్, అంటే చిన్న విత్తన సంచి, దొరుకుతుందేమో కనుక్కోండి. దొరికితే చేనంతా వేయకండి. మీ పాత రకం పక్కనే పది సెంట్లలో వేసి, రెండు మూడు పంటలు పోల్చి చూడండి. వ్యవసాయ శాఖల వారికి కూడా ఒక మాట. విడుదలైన బెట్ట రకాలకు ప్రతి ఏడూ ఇండెంటు పెట్టండి, వాటిని తొలకరికి ముందే మండల కేంద్రానికి చేర్చండి.